కాగితం మీద పడిందే రికార్డు

మెయిన్‌ఫ్రేమ్ అనే మాట ఎవరి నోట విన్నా ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. నిజానికి ఆ పెద్ద కంప్యూటరు తప్పేమీ లేదు. అది ఫ్రాన్సులో ఎక్కడో చల్లటి గదిలో తన పని తాను చక్కగా చేసుకుంటూనే ఉంది. వెధవపని చేసింది రాజోలులో మేమే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, రాజోలులో ఒక ఎరువుల కొట్టు మేడమీద పన్నెండు కంప్యూటర్లతో మా ఆఫీసు నడిచేది. ఫ్రెంచి బీమా కంపెనీ ఒకటి తన పాలసీదారుల పాత దరఖాస్తులను స్కాన్ చేసి మాకు పంపేది. వాటిలోని పేర్లూ చిరునామాలూ ఆ మెయిన్‌ఫ్రేమ్‌లో సరిగ్గా ఎక్కాయో లేదో చూసి, తప్పుంటే ఇక్కడి నుంచే దిద్దాలి. కంప్యూటర్లూ ప్రింటరూ చూసుకునేది నేను. మా మేనేజరు గారు రెవిన్యూ డిపార్టుమెంటులో ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన పెద్దమనిషి. కంప్యూటరు ముట్టుకుంటే కరెంటు షాకు కొడుతుందేమోనన్నంత దూరంలో కూర్చునేవాడు.

ఫ్రెంచి వాళ్ళ అక్షరాల్లో కొన్నింటికి నెత్తిమీద గీతలుంటాయి. తెరమీద అవి బాగానే కనిపించేవి. ప్రింటు తీస్తే మాత్రం, గీత ఉన్న అక్షరం బదులు లెక్కల పుస్తకంలోని ఫ్లవర్ బ్రాకెట్టు పడేది. మనిషి పేరు మధ్యలో ఫ్లవర్ బ్రాకెట్టు! దాని కారణం కనిపెట్టింది నేను కాదు, సఖినేటిపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి. వాళ్ళ నాన్న రేవులో జనాన్ని గోదావరి దాటించే పంటు మీద పనిచేసేవాడు. ఆ ఇంట్లో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం దొరికిన మొదటి మనిషి ఆమే. ఆ కుర్చీ ఎక్కడ పోతుందోనని జ్వరం వచ్చినా సెలవు పెట్టేది కాదు.

"లోపల పేర్లు మంచివేనండీ. తెరమీద చూడండి, ఒక్కటీ పాడవలేదు. ప్రింటరే తప్పు చదువుతోందండీ," అంది.

నూటికి నూరుపాళ్ళు నిజం. మెయిన్‌ఫ్రేమ్ అక్షరాలను అంకెలుగా పంపుతుంది. ఏ అంకెకు ఏ అక్షరమో చెప్పే పట్టిక ఒక్కో దేశానికి ఒక్కోటి. మా తెరలకు ఫ్రాన్సు పట్టిక పెట్టి, ప్రింటరుకు అమెరికాది పెట్టి వదిలేశారు. అది మార్చుకుంటే సరి. అదే మేనేజరు గారికి చెప్పాను.

"హైదరాబాదు నుంచి వచ్చి బిగించి వెళ్ళేరండీ అది. మీరు కెలికితే, రేపు ఆగిపోతే బాధ్యత ఎవరిదండీ? తెరమీద కనపడేది గాలికబురు. కాగితం మీద పడిందే రికార్డు!"

మూడుసార్లు చెప్పాను. మూడోసారి ఆయన కళ్ళజోడు తీసి, "ఇక్కడ పనిచెయ్యాలని లేదాండీ మీకు?" అన్నాడు. నేను తిరిగొచ్చి నా బల్ల దగ్గర కూర్చున్నాను.

ఆ తర్వాత ఆయన బుర్రలోంచి ఒక ఉపాయం ఊడిపడింది. కాగితం మీద బ్రాకెట్టు పడిన ప్రతిచోటా, కంప్యూటర్లో ఆ గీత ఉన్న అక్షరం తీసేసి గీత లేనిది కొట్టాలి. మళ్ళీ ప్రింటు తియ్యాలి. అప్పుడు కాగితం శుభ్రంగా వస్తుంది కదా! దిద్దిన వాళ్ళు కింద పొడి సంతకం పెట్టాలి. పొడి సంతకం లేని కాగితం ఆయన లెక్కలోకే రాదు, అచ్చం తాలూకాఫీసు పద్ధతి. అంటే, మంచి పేర్లను మా చేత్తో మేమే చెడగొట్టి, చెడగొట్టినట్టు సంతకాలు కూడా పెట్టాం. ఐదు నెలలు!

ఆ అమ్మాయి మాత్రం మళ్ళీ వెళ్ళి అడిగింది. "ఉన్న పేర్లు చెరిపేస్తున్నామేమోనండీ..."

"చెప్పింది చెయ్యమ్మా. నీకంటే నాకు బాగా తెలుసు."

"ఆయ్," అని వచ్చి కూర్చుంది. అందరికంటే ఎక్కువ కాగితాలు దిద్దింది.

ఒకరోజు పొద్దున్నే ఫ్రాన్సు నుంచి మెయిలు వచ్చింది. మా పాలసీదారుల పేర్లు పాడుచేసిందెవరు, చెప్పకపోతే కాంట్రాక్టు రద్దు అని. మేనేజరు గారి మొహం పాలిపోయింది. మధ్యాహ్నానికల్లా తేరుకుని సంజాయిషీ తయారుచేయించాడు. ఆపరేటరు, అంటే ఆ సఖినేటిపల్లి అమ్మాయి, ఎవరికీ చెప్పకుండా సొంతంగా మార్చిందట. సాంకేతిక సిబ్బందికి ఆ సంగతే తెలియదట. రుజువుగా ఆమె పొడి సంతకాలున్న కాగితాల కట్ట. సాంకేతిక సిబ్బంది అంటే నేనే కాబట్టి కింద నా సంతకం కావాలి.

పెట్టాను. కూర్చోనైనా లేదు, నిలబడే పెట్టాను.

సాయంత్రం ఆ అమ్మాయి నా బల్ల దగ్గరకు వచ్చింది. ఏడవలేదు. "మీరు మూడుసార్లు చెప్పేరు కదండీ ఆయనకి. ఆ ఒక్క ముక్క రాసివ్వండి, చాలు. నా ఉద్యోగం నిలబడుతుంది."

"నా ఉద్యోగం కూడా చూసుకోవాలి కదా," అన్నాను.

"ఆయ్. అలాగేనండీ," అని టిఫిను క్యారియరు తీసుకుని మెట్లు దిగిపోయింది.

అప్పుడొచ్చింది నాకు కోపం. ఎవరినీ అడక్కుండా ప్రింటరు పట్టిక మార్చేశాను. నాలుగు నిమిషాల పని. ఐదు నెలల కిందట చేసి ఉంటే మేనేజరు నన్ను చంపేవాడా? ఎవరూ దిద్దని పేర్లు ఒక కాగితం మీద ప్రింటు తీశాను. నెత్తిమీద గీతలతో సహా ప్రతి అక్షరమూ చక్కగా పడింది. చేత్తో పట్టుకుని గదంతా చూశాను. మేనేజరు గారు సంచీ సర్దుకుంటున్నాడు. అది సరిగ్గా ఉందని చూసి చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి ఆ వేళకు కింద రోడ్డు మీద సఖినేటిపల్లి బస్సు కోసం నిలబడి ఉంది.