ఇది ఇల్లేనండి!

మా బావ పిరికివాడు. ఈ మాటంటే మా అక్కకి కోపం వస్తుంది, రానీ! తన నీడని చూసి తనే ఉలిక్కిపడే మనిషిని ఇంకేమనాలి? కత్తెర పట్టుకుంటే మాత్రం ఆయన చెయ్యి బెదరదు. పెద్ద రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆయన కటింగ్ షాపు పోయింది. అప్పటినుంచీ ఇంటి ముందుగదిలోనే కుర్చీ, అద్దం పెట్టుకుని జుట్టు కత్తిరిస్తున్నాడు. ఆ ఇంటికి అదొక్కటే ఆధారం. చిక్కేమిటంటే, మా వీధి కాపురాలకే గాని వ్యాపారాలకు కాదు. తెలిసిందంటే మున్సిపాలిటీ ఆఫీసువాళ్ళు వచ్చి ఇంటికి సీలు వేసి పోతారు.

ఆ భయంతో ఆ ఇల్లు నడిచే తీరు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. చప్పుడు బయటికి పోతుందని బావ కరెంటు మిషను ముట్టుకోడు. వచ్చినవాళ్ళు "కటింగ్ ఉందా?" అని అడగకూడదు. గుమ్మంలో నిలబడి "బాబాయ్, బావున్నావా?" అనో, "మావయ్యా" అనో చుట్టరికం కలుపుకుని లోపలికి రావాలి. గంట మోగితే అక్క కుర్చీమీద దుప్పటి కప్పుతుంది. నేనుంటే అద్దాన్ని గోడవైపు తిప్పుతాను. రాలిన జుట్టు చాప కిందికి పోతుంది.

"ఇంతమంది చుట్టాలు మహారాజుకైనా ఉండరు బావా!" అన్నానొకసారి.

"మెల్లిగా మాట్లాడవే తల్లీ, గోడలకి చెవులుంటాయి."

ఆయన అసలు భయం ఎదురింటి పెద్దాయన. రోజంతా గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. పలకడు, నవ్వడు. ఏదో ఒకరోజు మన కొంప ముంచేది ఆయనేనని బావకి అన్నం సయించేది కాదు.

ఈమధ్య నిబంధన మారింది. ఇళ్ళల్లో చిన్నచిన్న పనులు చేసుకోవచ్చట. కాకపోతే ఇప్పటికే చేస్తున్నవాళ్ళకే అనుమతి, కొత్తవాళ్ళకి లేదు. ఆఫీసువాళ్ళు ఇల్లిల్లూ తిరిగి చూస్తారని అక్క విని వచ్చింది.

"ఎర అది," అన్నాడు బావ. "మన నోటితోనే చెప్పించి పట్టుకుంటారు."

"అంత తీరిక ఎవడికుంది బావా?" అన్నాను. వింటేగా!

నిన్న పొద్దున వాళ్ళు రానే వచ్చారు. అప్పటికి కటింగుకొచ్చిన డ్రాయింగు మాస్టారి తల ఒకవైపు నున్నగా అయింది, రెండోవైపు పొదలా ఉంది. గంట మోగడమే తరువాయి, దుప్పటి కప్పడం, అద్దం తిప్పడం అన్నీ వాటంతటవే జరిగిపోయాయి. మాస్టారు తువ్వాలు తలకి చుట్టుకున్నారు.

ఆఫీసరు చిన్నవాడు, మర్యాదగానే అడిగాడు. "ఇక్కడ ఏమైనా పని చేస్తారాండీ? షాపులాంటిది?"

"షాపా! అబ్బే, ఇది ఇల్లేనండి!" బావ గొంతు కీచుమంది.

"నేను ఈయన బావమరిదినండి, ఊరికే చూసిపోదామని..." అన్నారు మాస్టారు, ఎవరూ అడక్కుండానే. అలా నాకో అన్నయ్య పుట్టుకొచ్చాడు.

"చేస్తుంటే చెప్పండి, భయం లేదు. ఇవాళ లేదంటే మళ్ళీ అనుమతి ఇవ్వడం కుదరదు."

అక్క బావ చెయ్యి గిల్లింది. నేను నోరు తెరిచేలోపే "లేదండీ, ఒట్టు!" అనేశాడు. వాళ్ళు వెళ్ళిపోయారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "సిరి వస్తుంటే మోకాలడ్డావు కదా బావా! పరిగెత్తు, పోయి చెప్పు!" అని అరిచాను. అక్క ఏడుపు మొదలుపెట్టింది. బావ చెప్పులైనా వేసుకోకుండా గేటుదాకా వెళ్ళాడు, వెనకే నేను.

ఆఫీసరు ఎదురింటి పెద్దాయన దగ్గర ఉన్నాడు. "ఆ ఇంట్లో కటింగ్ చేస్తారని ఎవరో అన్నారు, నిజమేనాండీ?"

పెద్దాయన మా వైపు చూశాడు. బావ గేటు పట్టుకుని కొయ్యబారిపోయాడు.

"ఛ ఛ," అన్నాడు పెద్దాయన. "రోజంతా ఇక్కడే కూర్చుంటాను, నాకు తెలియదా? వాళ్ళకి చుట్టాలు ఎక్కువ, అంతే. ఎవరొచ్చి అడిగినా ఇదే చెబుతున్నాను."

ఇన్నాళ్ళూ మమ్మల్ని కాచింది ఆయనా! ఇప్పుడు నిజం చెబితే ఆయన అబద్ధాలకోరు అవుతాడు, మేం దొంగలమవుతాం. ఆఫీసరు తలూపి బండెక్కాడు. బండి మలుపు తిరిగిపోయింది. పెద్దాయన మమ్మల్ని చూసి నవ్వి, ఏం పర్వాలేదన్నట్టు చెయ్యి ఊపాడు.

బావ లోపలికొచ్చి మాస్టారిని కూర్చోబెట్టాడు. మిగిలిన సగం కత్తిరించబోతే కత్తెర చేతిలోంచి జారిపోయింది. తీసి మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ జారింది. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. అక్క వెళ్ళి తలుపు గడియ పెట్టింది.