పిండి కలపడానికి బోరు మోటారు

మా నాయనకు మోటారు అంటే హెచ్‌పి ఒక్కటే. నీళ్లు లేని బోరులో మూడు హెచ్‌పి మోటారు దించి, అది లాభం లేదని ఐదు దించి, చివరికి ఏడున్నర దించిన మనిషి ఆయన. చుక్క రాలేదు. అయినా ఉదయగిరి చుట్టుపక్కల అంత పెద్ద మోటారు ఇంకెవరికీ లేదని గొప్పలు పోయేవాడు. అలాంటి మనిషి అమ్మకు స్టాండ్ మిక్సర్ ఎంచి తెస్తానని బయలుదేరాడు.

మిక్సర్ ఎందుకంటే, ప్రతి క్రిస్మస్‌కూ మా చర్చి మొత్తానికి కేకు చేసేది అమ్మే. వెన్న, చక్కెర, గుడ్లు కర్ర గరిటెతో గిలక్కొట్టీ కొట్టీ ఆమె కుడి భుజం పాడైంది. ఇంకోసారి ఆ పని చేస్తే చెయ్యి పైకి లేవదని నెల్లూరు డాక్టరు గట్టిగా చెప్పాడు. మిషన్ లేకపోతే ఆమె ఆ చేత్తోనే కలుపుతుందని నాకు తెలుసు. నా భయమంతా అదే.

ఆత్మకూరు కొట్టులో రెండు మిక్సర్లు పక్కపక్కన పెట్టారు. ఒకటి ఆరొందల వాట్లు, ఇంకోటి పదిహేనొందలు. నాయన గానీ, మా ఇద్దరి వెంట వచ్చిన చిన్నాయన గానీ గిన్నె లోపలికి తొంగి కూడా చూడలేదు. ఎంత పిండి కలుపుతుందని అడగలేదు.

"ఆరొందలంటే ఒక హెచ్‌పి కూడా లేదు గదన్నా. మజ్జిగ చిలికేదానిక్కూడా చాలదు" అన్నాడు చిన్నాయన.

"పెద్దదే కట్టు" అని నాయన కొట్టాయనకు చెప్పాడు.

"వాట్లంటే అది తినే కరెంటు నాయనా. మన ఇంటి వైర్లు తట్టుకోవు" అన్నాను.

"నీకేం తెలుసు? ఎన్ని మోటార్లు దించినాను నేను!"

దించిన మాట నిజమే. అన్నిటినీ మళ్లీ పైకి లాగించిందీ ఆయనే.

పండగ ముందురోజు పొద్దున అన్నదమ్ములిద్దరూ ఆ మిషన్ను పెళ్లికొడుకును కూర్చోబెట్టినట్టు వంటింటి గట్టు మీద కూర్చోబెట్టారు. స్విచ్ వేయగానే టప్పుమని ఫ్యూజు పోయింది. నాయన లావు తీగ కట్టాడు. ఈసారి స్విచ్‌బోర్డే కాలి నల్లబడింది.

"మోటారు మాత్రం మంచి పవరు ఉండాది" అన్నాడు చిన్నాయన, కమురు కంపులో నిలబడి.

అంతలో అమ్మ కర్ర గరిటె అందుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. గరిటె లాక్కుని, గిన్నె తీసుకెళ్లి నాయన ఒళ్లో పెట్టాను.

"నువ్వు తిప్పు నాయనా. నీ పవరు కూడా చూద్దాం."

తిప్పాడు. కాసేపటికే చెయ్యి మార్చాడు. చొక్కా తడిసిపోయింది. చిన్నాయన ఏదో పని గుర్తొచ్చినట్టు బయటికి జారుకున్నాడు.

"ఇంకా ఎంతసేపు మే?" అని నాయన అమ్మను అడిగాడు.

"ఇప్పుడే గదా మొదలుపెట్టినావు. తెల్లగా నురగ రావాల. ఇట్టాంటి గిన్నెలు ఇంకా ఉండాయి."

ఆయన గరిటె ఆపాడు. "ఏటా ఇదంతా నువ్వొక్కదానివే తిప్పినావా?"

"ఇంట్లోనే ఉంటివి గదా, చూళ్లేదా?" అంది అమ్మ.

నాయన తల దించుకుని మళ్లీ తిప్పసాగాడు. నాకేమీ జాలి కలగలేదు. మిగిలిన గిన్నెలు కూడా తెచ్చి ఆయన ముందే పెట్టాను.