కాలువ వైపు బ్యాటింగు

యావరేజి అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నిడదవోలు దగ్గర ఒక హైస్కూల్లో పీఈటీని, అమ్మాయిలకు క్రికెట్ నేర్పుతాను. మా గ్రౌండులో పిచ్ అంటే మట్టి మీద పరిచిన కొబ్బరిపీచు పట్టా; దానికి ఒక చివర బడి, ఇంకో చివర కాలువ. వానాకాలంలో కూలిన ప్రహరీ సందులోంచి గేదెలు వచ్చి కాలువ వైపు నేలంతా తొక్కేస్తాయి. ఆ గిట్టల గుంటలు ఎండి గట్టిపడతాయి. ఏటా చదును చేద్దామనుకుంటాం, ఏటా వాటి మీదే పట్టా పరిచేస్తాం. ఆ వైపు నిలబడితే ఒక బంతి గడ్డం దాకా లేస్తుంది, ఇంకోటి నేల మీద పాకుతూ వచ్చి వికెట్లకు తగులుతుంది. బడి వైపు మాత్రం ఏ బెంగా లేదు.

మొన్న శీతాకాలంలో జిల్లా అమ్మాయిల జట్టుకు ఎంపిక చేయడానికి రాజమండ్రి నుంచి ఒక పెద్దాయన వచ్చి మా మ్యాచ్ చూశారు. జట్టులో ఒక్క చోటే మిగిలింది. నేను మా కెప్టెన్‌ని తీసుకోమన్నాను. పదో తరగతి పిల్ల. ఈసారి రాకపోతే బడితోపాటే ఆటా అయిపోతుంది, ఆ సంగతి నాకూ తెలుసు, ఆ పిల్లకూ తెలుసు. ఆయన స్కోరు పుస్తకం తిరగేసి పెదవి విరిచారు.

"యావరేజి మరీ తక్కువండి మేడమ్ గారూ. పైగా సింగిల్ తీయడమే రావట్లేదు. అవతలి పిల్ల పరిగెత్తుకొస్తుంటే చెయ్యెత్తి ఆపేస్తుంది. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలు కదండి."

"పొయ్యి కూడా చూడాలండి," అన్నాను. గొంతు కాస్త పెద్దదే అయింది. ఆ పిల్లను పిలిచి, ఎందుకు ఆపుతున్నావో సార్ గారికి చెప్పమన్నాను.

తల దించుకుని చెప్పింది. "సింగిల్ తీస్తే నేను బడి వైపుకి వెళ్ళిపోతానండి. కాలువ వైపు చిన్నపిల్లలు ఆడాల్సొస్తుంది. దెబ్బ తగిలితే వాళ్ళమ్మలు మళ్ళీ పంపరండి. అందుకే రెండొస్తేనే పరిగెడతానండి."

పెద్దాయన కాలువ వైపు నడిచి, వంగి, పట్టా అంచు ఎత్తి చూశారు. గిట్ట గుంటలో ఆయన పిడికిలి పట్టింది. తిరిగొచ్చి ఆ పిల్ల పేరు రాసుకున్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

జిల్లా జట్టు తణుకులో ఆడింది. అక్కడ పిచ్ రెండు వైపులా ఒక్కలాగే చదునుగా ఉంది. మా పిల్ల బ్యాటింగుకు వెళ్ళి ముందు అటు, తర్వాత ఇటు బ్యాటుతో నేల తట్టి చూసుకుంది. మొదటి బంతిని మెల్లగా పక్కకు నెట్టి, అవతలి అమ్మాయిని రమ్మని పిలిచి, నవ్వుకుంటూ పరిగెత్తింది.

ఒక్క పరుగుకి లేచి నిలబడి చప్పట్లు కొట్టింది ఆ గ్రౌండులో ఇద్దరమే, పెద్దాయనా నేనూ.