మా బావ సరిచేసిన తోడేళ్లు

మా బావ సత్యప్రసాద్ నోట్లోంచి ‘కాదు’ అనే మాట రాదు. ఒకేరోజు రెండు పెళ్లి భోజనాలకి "ఆయ్, వస్తానండి" అనేసి, బండారులంకలో సగం, ఆలమూరులో సగం తిని, రెండుచోట్లా మాట పడ్డాడు. అలాంటి మనిషికి తగువులు తీర్చే ఉద్యోగం ఇచ్చింది ఒక హైదరాబాద్ కంపెనీ. వాళ్లకేం తెలుసు పాపం!

2007లో ఆ కంపెనీ ఇంటర్నెట్‌లో రాజుల కాలం నాటి ఆట ఒకటి నడిపేది. ఎక్కడెక్కడి వాళ్లో ఒకే అడవిలో చేరి రాక్షసులతో పోరాడతారు. కొందరు కత్తివీరులు. కొందరు మచ్చికగాళ్లు, వీళ్లు మాంసం పెట్టి తోడేలునో ఎలుగుబంటినో మాలిమి చేసుకుంటే, ఆ జంతువే వీళ్ల తరఫున పోరాడుతుంది. ఒకళ్లు మరీ బలిసిపోకుండా, ఇంకొకళ్లు డీలా పడకుండా అంకెలు సరిచెయ్యడం బావ పని. కొత్తపేటలో ఇంట్లోనే కూర్చుని చేసేవాడు.

మా అక్క అనూరాధ ఆయన పనేమిటో చూద్దామని ఆ ఆట ముందు కూర్చుంది, ఇక లేవలేదు. బుల్లెమ్మ అని ఓ తోడేల్ని పెంచుకుంది. పొయ్యి మీద కూర వదిలేసి వచ్చి మరీ దానికి మాంసం పెట్టేది. "బొమ్మకి అంత గారమేంటే" అని నేను ఏడిపిస్తే నిజంగానే కోప్పడేది.

ఒక ఆదివారం అమలాపురంలో సెల్‌ఫోన్ల కొట్టు నడిపే భీమరాజు, ఓడలరేవు ఆటో వీరన్న కలిసి ఇంటికొచ్చారు. ఆటలో భీమరాజు కత్తివీరుడు. వీరన్న మచ్చికగాడు.

"దెబ్బలు మేం తింటన్నామండి," అన్నాడు భీమరాజు. "ఈయన చెట్టుచాటున కూర్చుని తోడేల్ని ఉసిగొలుపుతారు. పాయింట్లు మాత్రం ఇద్దరికీ ఒకటేనా అండి?"

"ఆయ్, నిజమేనండి," అన్నాడు బావ.

"బాగా దెబ్బలు తగిలితే తోడేలు అడవిలోకి పారిపోద్దండి," అన్నాడు వీరన్న. "మళ్లీ మాంసం పట్టుకుని దాని వెనకాల తిరగాలి. ఈయన కత్తి ఎప్పుడైనా పారిపోయిందేంటండి?"

"ఆయ్, అదీ నిజమేనండి."

ఇద్దరూ టీ తాగి సంతోషంగా వెళ్లారు. బావ మాత్రం తల పట్టుకున్నాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నన్నడిగితే నాకూ ఇద్దరి మాటా న్యాయంగానే తోచింది. చివరికి భీమరాజు కోసం జంతువుల బలం సగానికి తగ్గించాడు, వీరన్న కోసం పారిపోయే గుణం తీసేశాడు. కంపెనీ వాళ్లు కూడా లెక్క కుదిరిందన్నారు.

కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. మర్నాడు సాయంత్రం రాక్షసుడు కొడుతుంటే బుల్లెమ్మ కదల్లేదు. కరిచే బలం లేదు, పారిపోయే దారీ లేదు. అక్క "పోవే, పోవే" అని తెర మీద చేత్తో కొడుతూనే ఉంది. అది ఆమె ముందే నిలబడి చచ్చిపోయింది.

"దాన్ని పారిపోనివ్వకుండా చేసింది మీరేనా అండీ?" అంది అక్క.

బావ మొహం పాలిపోయింది. తలుచుకుంటే దాన్ని ఆయన బతికించగలడు. కానీ ఆ రోజు అడవి నిండా చచ్చిన జంతువులే. వీరన్న ఎలుగుబంటి కూడా పోయింది. పెళ్లాం తోడేలొక్కటీ లేస్తే మిగతావాళ్లకేం చెప్పాలి? అలాగని అక్క మొహం చూసి ఊరుకోలేడు. ఏది న్యాయమో ఆయనకీ తెలియలేదు, నాకూ తెలియలేదు. నవ్వడానికి వెళ్లినవాణ్ని, పొయ్యి మీద కూర దించి వచ్చాను.

"నా ఒక్కదానికే వద్దులెండి," అంది అక్క. "వాటికి పారిపోయే దారి మాత్రం ఇచ్చెయ్యండి."

బలం సంగతి ఎటూ తేలలేదు కానీ, పారిపోయే గుణం మాత్రం కంపెనీతో గట్టిగా మాట్లాడి తిరిగి పెట్టించాడు. అక్క ఇంకో పిల్ల తోడేల్ని మాలిమి చేసుకుంది. మొదటి పోరాటంలోనే అది నాలుగు దెబ్బలు తిని, అక్కని రాక్షసుడి ముందు వదిలేసి అడవిలోకి పరుగెత్తింది. తప్పు చేశానేమోనని బావ బెదురుగా చూశాడు.

అక్క కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. "పారిపోయిందండీ! పోనీలెండి, ఎక్కడో అక్కడ బతికుంటది."