గట్టు అవతలి బోరు

బోరులో మునిగి ఉండే మోటారుకు చప్పుడు ఉండదు. పక్క చేనులో అది నడుస్తోందో లేదో మన చేనులో నిలబడి చెవులు రిక్కిస్తే తెలియదు. స్టార్టరు పెట్టె దగ్గరికి పోయి ఎర్ర లైటు చూడాలి, లేదా పైపు మీద చెయ్యి పెట్టి చూడాలి. ఇంత తెలిసి కూడా ఆ వారమంతా నేను గట్టు మీద నిలబడి చెవులు రిక్కించాను. పిచ్చి కాకపోతే ఏమిటి?

మాది కంబదూరు దగ్గర రెండున్నర ఎకరాల చేను. ఒక ఎకరంలో ఎనభై చీనీ చెట్లు, అంటే బత్తాయి, వరసకు పది చొప్పున ఎనిమిది వరసలు. మిగతాది వానను నమ్ముకుని వేరుశనగ వేసే నేల. చేనులోనే రెండు గదుల ఇల్లు, ఇంటి వెనక నా సొంత మడి. అందులో బీర తీగలు, వంగ, గోంగూర, ఒక మల్లె పొద. చెట్లు ఇద్దరివీ, మడి మాత్రం నాది. నా భర్త దాని జోలికి రాడు. ఆయన పొద్దున్నే బండి మీద కళ్యాణదుర్గం పోయి ఇళ్ళకు బండలు పరుస్తాడు, సాయంత్రం వస్తాడు. నీళ్ళు పెట్టే పని నాదే.

చీనీ చెట్లకు అది నాలుగో యేడు, తొలి కాపు. ఎండాకాలం నడిమికి కాయలు నిమ్మకాయంత అయ్యాయి. ఆ సమయంలో నీళ్ళు తప్పితే ముందు కాయ రాలుతుంది, తర్వాత ఆకు ముడుచుకుంటుంది, ఆ తర్వాత నాలుగేళ్ళ చాకిరీ పొయ్యిలోకి కట్టె అవుతుంది. మొక్కలుగా ఉన్నప్పుడు బిందెలతో మోసి బతికించిన చెట్లవి. ఏ చెట్టు ఏ వానకు తేరుకుందో, దేనికి చెద పట్టి మందు పోశామో ఇప్పటికీ చెప్పగలను.

గట్టు అవతల చేను మా కంటే పెద్దవాళ్ళైన మొగుడూ పెళ్ళాలది. ఆమెను నేను అక్కా అని పిలుస్తాను. వాళ్ళు ఆ యేడు కళింగర, అదే పుచ్చకాయ, వేశారు. వాళ్ళ బోరుకూ మా బోరుకూ నడుమ ముప్పై అడుగులు కూడా లేవు. రెండూ ఒకేసారి నడిపితే రెండింటిలోనూ గాలే వస్తుంది. అందుకని మాలో మేమే ఒక కట్టుబాటు చేసుకున్నాం. పొద్దున కరెంటు వచ్చినప్పటి నుంచి సగం సేపు మాది, తర్వాత సగం వాళ్ళది. రాతా కోతా లేదు. మూడేళ్ళుగా ఎవరమూ తప్పలేదు.

ఆ సోమవారం నీళ్ళు మూడు గంటలు ఆగకుండా పడ్డాయి. మూడు గంటలైతే ఎనిమిది వరసలూ తడుస్తాయి. ఉడతలు కొరికిన డ్రిప్పు పైపులకు సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టుకుంటూ, చెట్ల మొదళ్ళ దగ్గర వేరుశనగ పొట్టు సర్దుకుంటూ నిమ్మళంగానే ఉన్నాను. మంగళవారం మూడు గంటలు నిండకముందే పైపు దగ్గడం మొదలుపెట్టింది. కాసిన్ని నీళ్ళు, ఇంత గాలి, మళ్ళీ కాసిన్ని నీళ్ళు. మోటారు కాలిపోతుందని పరుగెత్తి ఆపాను. అరగంట ఆగి మళ్ళీ వేస్తే పావుగంట పడి ఆగిపోయింది.

బుధవారానికి రెండు గంటలకు దిగింది. కింద రాలిన కాయలు కొంగులో ఏరుకుంటే పదకొండు తేలాయి. అంతకు ముందు రోజు నాలుగే. వాటిని ఇంటికి తెచ్చి కిటికీలో పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలియదు, పారెయ్యడానికి మాత్రం చెయ్యి రాలేదు.

ఆ రోజే గట్టు మీద నుంచి చూస్తే వాళ్ళ బోరు పక్కన నేల తడిగా కనిపించింది. పొద్దున తొమ్మిది, అంటే మా వంతు సమయం. ఊళ్ళో నేలంతా ఎండి పలుగు కూడా దిగకుండా ఉంటే వాళ్ళ బోరు దగ్గర తడి ఎక్కడిది? వాళ్ళ తోట గట్టు అవతల పల్లంలో ఉంటుంది, ఇక్కడి నుంచి కనిపించదు. నాకు కనిపించింది ఆ తడి ఒక్కటే, అది చాలింది నాకు. మా వంతులో దొంగతనంగా మోటారు వేస్తున్నారు, అందుకే మాకు గాలి పడుతోంది అని తీర్మానం చేసేశాను.

సాయంత్రం నా భర్త సంగటి ముద్ద పెట్టుకుని కూర్చోగానే చెప్పాను.

"వాళ్ళు అట్లాంటోల్లు కాదులే" అన్నాడు.

"అయితే నీళ్ళు యాడికి పాయ?"

"ఎండాకాలం. యాడికి పోతాయి, లోపలికే పోతాయి."

"నువ్వు పొద్దున్నే బండెక్కి పోతాండావు. గాలి దగ్గేది చూసేదాన్ని నేను."

ఆయన ఊరిబిండి పచ్చడి నంజుకుని తిన్నాడు. ఆయనకు భయం వేసినా బయటికి కనిపించదు. నాకైతే భయం పూర్తిగా వెయ్యకముందే నోటి వెంట మాటై వచ్చేస్తుంది. ఆ మాట మా అమ్మ నా చిన్నప్పుడే చెప్పింది, నేను బాగుపడలేదు.

గురువారం ఊరి కొళాయి దగ్గర అక్క నా ముందు బిందె పెట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడూ మడిలో కోసిన బీరకాయలో, గోంగూరో ఆమెకు కొంచెం తీసుకెళ్ళేదాన్ని. ఆ రోజు వట్టి బిందెతో పోయాను. అక్క వెనక్కి తిరిగి "ఏమ్మే, చెట్లు ఎట్ల ఉండాయి?" అని అడిగింది. నాకు ఒళ్ళు మండింది. ఆమెకు జవాబు చెప్పకుండా, పక్కనున్న నలుగురికీ వినిపించేలా, "కొంతమందికి పక్కోల్ల నీళ్ళే తియ్యగా ఉంటాయి, వంతూ గింతూ ఏమీ పట్టదు" అన్నాను.

అక్క బిందె సగమే నిండింది. దాన్నే నడుం మీద పెట్టుకుని ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. తప్పు చేసింది కాబట్టే నోరెత్తలేదనుకున్నాను. ఇంటికి వచ్చే దారంతా గెలిచినట్టే ఉంది. గడప దాటి కిటికీలో కాయలు చూడగానే ఆ గెలుపు దిగిపోయింది.

శుక్రవారం నీళ్ళు గంటా నలభై నిమిషాలు పడ్డాయి. ఎనిమిది వరసలకూ చాలవు, ఐదు తడపవచ్చు. ఏ ఐదు? కాయ ఎక్కువ ఉన్న వరసలకు పెట్టాలా, బక్కచిక్కిన చెట్లకు పెట్టాలా? వాల్వు మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడిపోయాను. అలా నిలబడినంత సేపూ నీళ్ళు ఒక్క వరసకే పోతున్నాయని ఆలస్యంగా గుర్తొచ్చింది. నన్ను నేను తిట్టుకుంటూ చివరి మూడు వరసలు కట్టేశాను. ఆ మూడు వరసల వైపు ఆ రోజంతా చూడలేకపోయాను.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ రోజు కూడా మోటారు ఆపే ముందు నాలుగు బిందెలు పట్టి నా మడికి పోశాను. బీర పూత మీద ఉంది. నాలుగు బిందెలకు ఏమవుతుందిలే అనుకున్నాను. దొంగలను పట్టుకోవాలని తిరుగుతున్న మనిషిని నేను!

శనివారం గంటన్నరకే పైపు దగ్గింది. మోటారు ఆపి, చెప్పులు కూడా వేసుకోకుండా కంప సందులోంచి దూరి గట్టు దిగాను. ఈ రోజు ఎర్ర లైటు కళ్ళారా చూసి, ఊరందరినీ పిలిచి చూపించాలని. కాళ్ళలో ముల్లు దిగినా ఆగలేదు.

వాళ్ళ స్టార్టరు పెట్టెలో లైటు వెలగడం లేదు. తలుపు తెరిచాను. లోపల ఫ్యూజులు ఉండాల్సిన చోట మూడు ఖాళీలు ఉన్నాయి. సాలెపురుగు అప్పటికే ఒక మూల గూడు మొదలుపెట్టింది.

పల్లంలోకి చూశాను. కళింగర తోట వాడి నేలకు అంటుకుపోయి ఉంది. వాళ్ళ పది గొర్రెలు తీగల మధ్య తిరుగుతూ పిందెలు కొరుకుతున్నాయి. మా సీమలో పంట మీద ఆశ వదులుకున్న చేనులోకే గొర్రెలను తోలుతారు. అక్క వేపచెట్టు కింద కట్టె పట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"ఏమ్మే, దొంగను పట్టుకునేకి వచ్చినావా?"

బోరు పక్కన తడి వైపు చూశాను. అక్కడ, స్టార్టరు పెట్టె చాటున, గొర్రెల తొట్టి ఉంది.

"అదా? కొళాయి నీళ్ళు బిందెలతో తెచ్చి పోస్తాండా. గొర్లు తాగాల గదా."

"ఎప్పుడు ఆపినారక్కా మోటారు?"

"సోమవారం మీ వంతు అయినాక. మా వంతు వస్తానే వేస్తిమి, పది నిమిషాలు కూడా పడలేదు. మా ఆయప్ప ఫ్యూజులు పీకి ఇంట్లో ఉప్పు డబ్బా పక్కన పెట్టినాడు. మా వంతు కూడా మేము ఎయ్యలేదు."

"ఒక మాట చెప్పొచ్చు గదక్కా."

"చెప్తే నువ్వు ఊరుకుంటావా? వద్దు వద్దని గొంతు చించుకుంటావు. ఆయప్ప మనసు మళ్ళా మారుతాది. మావి రెండు నెలల తీగలు, వానొస్తే మళ్ళా ఏమన్నా ఏసుకుంటాం. మీవి నాలుగేండ్ల చెట్లు. రెండూ సచ్చేకంటే ఒకటన్నా బతకనీ అనుకుంటిమి."

నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చాను, నిజమే. అక్క కట్టెతో గొర్రెను అదిలిస్తూ, "కొళాయి కాడ నలుగురిలో అనిందీ నువ్వే, ఇప్పుడు ఏడ్చేదీ నువ్వేనా? నా వంతు ఎప్పుడు మే?" అంది.

కానీ ఆ ఏడుపులో సిగ్గు ఒక్కటే లేదు. అక్కకు అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను. దొంగ ఉండి ఉంటే బాగుండేదని నాకనిపించింది. దొంగను ఆపితే నీళ్ళు తిరిగి వస్తాయి కదా. ఐదు రోజులుగా పక్క బోరు ఆగిపోయి ఉన్నా మా బోరు రోజు రోజుకూ తగ్గిందంటే నీళ్ళు ఎవరూ తీసుకోవడం లేదు. లోపలే అయిపోతున్నాయి. ఆమె మంచితనం నాకు ఆ క్షణంలో చెడు కబురులా వినిపించింది. అలా వినిపించినందుకు ఇంకా సిగ్గేసింది.

సాయంత్రం మడిలో ఉన్న బీరకాయలన్నీ, లేతవి కూడా, కోశాను. వంకాయలు, గోంగూర కూడా తెంపి గంపలో పెట్టుకుని వాళ్ళింటికి పోయాను. అక్క ఒక బీరకాయ గిల్లి చూసి, "ఇంత లేతవి ఎందుకు తెంపితివి?" అని గదమాయించి గంప లోపలికి తీసుకుపోయింది. వాళ్ళాయన నా వైపు చూడకుండా ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను తిరిగి వచ్చాక మడికి బిందె మొయ్యలేదు. మల్లె పొదకు కూడా పొయ్యలేదు.

ఆదివారం పొద్దున కరెంటు రాకముందే అక్క మా చేనులోకి వచ్చింది. చేతుల్లో రెండు బిందెలు. వాడిన వంగ ఆకులు చూసింది.

"మడి ఎందుకు ఎండబెడతాండావ్ మే?"

"నువ్వు తీగలెందుకు ఎండబెడితివి?"

డ్రిప్పు అందని చివరి చెట్లకు ఇద్దరం పైపు దగ్గర పట్టిన నీళ్ళు బిందెలతో మోయాలని అనుకున్నాం. నా భర్త ఆ రోజు పనికి పోలేదు, వాల్వుల దగ్గర నిలబడ్డాడు. నేను స్టార్టరు నొక్కాను. పైపు ముందు గాలి కక్కింది, తర్వాత ఎర్రటి బురద నీళ్ళు, ఆ తర్వాత మంచివి. అక్క పైపు మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉంచింది.

పైపు దగ్గినప్పుడు గడియారం చూశాను. గంటా పది నిమిషాలు. నిన్నటి కంటే ఇరవై తక్కువ. అక్కకు గడియారం చూడడం రాదు.

"నిన్నటికంటే మేలేనా?" అని అడిగింది.

"మేలే అక్కా" అన్నాను. నిండిన బిందె ఎత్తి ఎనిమిదో వరస వైపు నడిచాను.