మగ్గం పక్క చోటు

నాగేశ్వర కుక్కను ఇంటికి తెచ్చుకున్న రోజు చూడ్డానికి వీధి వీధంతా గుమ్మం ముందు చేరింది. తమ్ముడు శశి మాత్రం కాళ్లు దించి కూర్చుని నేసే మగ్గం గుంతలోంచి లేవలేదు.

"ఏమప్పా నాగేశ్వరా, దీన్ని పనిగట్టుకుని బెంగళూరు నుంచి తెచ్చినావా? ఇట్లాంటివి మన ధర్మవరంలో వీధికి పదుండాయి కదప్పా!" అని పక్కింటి తిరుపాలమ్మ నవ్వింది.

నిజమే, అది నాటుకుక్క. గోధుమ రంగు, ఒక చెవి వాలి ఉంది. ఒంటికి ఎర్ర జాకెట్టు. పట్టాళంలో, పోలీసుల్లో పనిచేసి మనసు చెదిరినవాళ్ల కోసం అక్కడొక ట్రస్టు కుక్కలకు పని నేర్పి ఇస్తుందట. జాకెట్టు తొడిగినంతసేపూ అది డ్యూటీలో ఉన్నట్టే. ఎవరూ పిలవకూడదు, నిమరకూడదు, తిండి పెట్టకూడదు. అక్కడ పెట్టిన పేరు ట్యూలిప్. తల్లి ఆంజినమ్మకు నోరు తిరగక తులసి అంది. ఆ పేరు వచ్చాక దాన్ని తిట్టుకోవడానికి కూడా శశికి వీల్లేకుండా పోయింది.

తండ్రి పోయేనాటికి శశి అనంతపురంలో డిగ్రీ చదువుతున్నాడు. అన్న కేంద్ర బలగాల్లో ఉన్నాడు, తుపాకీ దించి రాలేడు. దాంతో మగ్గం శశి కాళ్లకు చుట్టుకుంది. సెలవు మీద వచ్చినప్పుడల్లా అన్నను బడిలో జెండా ఎగరేయడానికి పిలిచేవాళ్లు. శశి నేసిన చీరలు ఎవరెవరి పెళ్లిళ్లలోనో మెరిసేవి, వాటి మీద నేసినవాడి పేరుండదు. ఈ తేడాను అతను చాలాకాలం లోలోపలే నమిలాడు.

తర్వాత ఎక్కడో అడవిలో మందుపాతర పేలింది. నాగేశ్వర ఒంటికి పెద్ద దెబ్బ తగల్లేదు. వ్యానులో పక్కన కూర్చున్న ఇద్దరూ మిగల్లేదు. ఇంటికొచ్చిన మనిషి కుక్కర్ కూతకు గోడకు అతుక్కుపోయేవాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎటో వెళ్లిపోయేవాడు, కళ్లు మాత్రం ఇక్కడే ఉండేవి.

డాక్టరు మందులిచ్చాడు. కానీ అన్నను మళ్లీ మనుషుల్లో కలిపింది మగ్గమేనని శశి నమ్మకం. అంచుకు వేరే రంగుండే పట్టుచీరకు ఒక్కడి చేతులు చాలవు. నేసేవాడి పక్కన ఇంకొకరు కూర్చుని అంచు దారం చుట్టిన నాడెను అందుకుని తిరిగి విసరాలి. నాయన నేసేటప్పుడు ఆ చోటు శశిది. ఇప్పుడు అక్కడ అన్నను కూర్చోబెట్టాడు. నాడె తిరిగి రావడం రవ్వంత ఆలస్యమైతే చాలు, అన్న అడవిలోకి వెళ్లిపోయాడని శశికి తెలిసేది. "అన్నా, నాడె!" అనేవాడు. అన్న ఉలిక్కిపడి తిరిగొచ్చేవాడు. ఇంట్లో ఇంకెవరికీ చేతకాని పని అది. వీధంతా దండం పెట్టే మనిషిని ఒక్క పిలుపుతో వెనక్కి తెచ్చేది తను.

తులసి వచ్చిన కొద్దిరోజులకే ఆ పని పోయింది.

నాడె ఆలస్యం కాకముందే కుక్క లేచేది. శశికి ఏ తేడా తెలియకముందే అది వెళ్లి అన్న మోకాలి మీద తల పెట్టేది. అన్న చెయ్యి దాని మెడ మీదికి పోయేది. నాడె వేళకు వచ్చేసేది. శశి గొంతులో 'అన్నా' అన్న పిలుపు అట్లాగే ఉండిపోయేది. వాసనతో కనిపెడుతుందట! ఒకే తల్లి పాలు తాగినవాడికి తెలియనిది బెంగళూరు సందులో పుట్టినదానికి తెలిసింది.

"పట్టు మీద బొచ్చు పడతాది," అని సణిగాడు. అన్న రోజూ దాన్ని బయట దువ్వి తీసుకొచ్చాడు. "రాత్రుళ్లు మొరుగుతాది," అన్నాడు. అది మొరగలేదు. ఒకరోజు జాకెట్టు తొడిగి ఉండగా దొంగతనంగా చపాతీ ముక్క చూపించాడు, దాని ఉద్యోగం చెడగొడదామని. అది ముక్క వంక చూసింది, అన్న వంక చూసింది, తల తిప్పుకుంది. తప్పు చేయని శత్రువుతో వేగడం ఎంత కష్టమో శశికి అప్పుడు తెలిసింది.

నిలువు పోగుల కొత్త పడుగు మగ్గానికెక్కే రోజు వచ్చింది. ఆ రోజు మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, చౌడేశ్వరమ్మకు మొక్కి, టెంకాయ కొట్టాకే మొదటి పోగు వేస్తారు.

"పూజలో కుక్కేందిమ్మా? మగ్గంలో అమ్మవారుంటాది కదా," అన్నాడు శశి.

"ఈ పొద్దొక్కటే పెరట్లో కట్టేద్దాంలే నాయనా," అంది ఆంజినమ్మ పెద్దకొడుకుతో.

నాగేశ్వర తటపటాయించాడు.

"నేనుండాను కదన్నా! దానికంటే ముందే ఈ ఇంట్లో పుట్టినోణ్ని."

అన్న నవ్వి తాడు అతని చేతికిచ్చాడు. శశి దాన్ని పెరట్లో గుంజకు గట్టిగా కట్టాడు. లోపలికి వస్తుంటే ఈల వేయాలనిపించింది. అన్న పక్కన మళ్లీ తనే, అడ్డం ఎవరూ లేరు. కర్పూరం వెలిగించాడు. ఆ ఊపులోనే టెంకాయ తీసి గడప రాయి మీద ఠప్పున కొట్టాడు.

కొట్టే ముందు చెప్పాలి. కుక్కర్ పెట్టే ముందు ఆంజినమ్మ చెబుతుంది, బిందె దించే ముందు తిరుపాలమ్మ చెబుతుంది. వాళ్లందరికీ ఆ అలవాటు నేర్పింది శశే.

నాగేశ్వర పడుగు మీదుగా గుంతలోకి దూకాడు. దారాలు పటపటా తెగాయి. తల మీద చేతులు పెట్టుకుని అడుగున ముడుచుకుపోయాడు.

"అన్నా, టెంకాయన్నా! నేనన్నా, శశిని!"

భుజం పట్టుకుంటే అన్న మోచేత్తో విదిలించాడు. శశి పెదవి చిట్లింది. అన్న హిందీలో ఎవరినో తల వంచమని బతిమాలుతున్నాడు. శశి నెత్తురు మింగి, "అన్నా, నాడె!" అని అరిచాడు. ఇంకోసారి అరిచాడు. అన్న ఎక్కడున్నాడో అక్కడికి ఆ మాట చేరలేదు.

పెరట్లో కుక్క తాడు తెంచుకునేట్టు గింజుకుంటోంది.

"ఏం చూస్తాండావురా? పోయి దాన్ని ఇప్పు!" అని తల్లి అరిచింది.

ముడి తను బిగించిందే. పట్టు పోగుల చిక్కులు తీసే వేళ్లకు అది లొంగలేదు. చివరికి పళ్లతో లాగాడు. తులసి అతని వంక కూడా చూడకుండా పరుగెత్తి గుంతలోకి దిగి, అన్న తొడల మీద తన బరువంతా వేసి పడుకుంది. చాలాసేపటికి అన్న వేళ్లు దాని జాకెట్టును వెతుక్కున్నాయి. ఊపిరి నెమ్మదించింది. ఆ గుంతలో మూడో ప్రాణికి చోటు లేదు. శశి గట్టు మీద నిలబడ్డాడు.

మధ్యాహ్నం ఇద్దరూ తెగిన దారాల ముందు కూర్చున్నారు. అన్న కొసలు వెతికి అందిస్తుంటే శశి పట్టు జారకుండా వేళ్లకు బూడిద అద్దుకుని మెలిపెట్టి అతుకుతున్నాడు. కుక్క అన్న పాదాల దగ్గర పడుకుంది.

"పెదవి మండుతాండాదా?"

"లేదు."

"దీన్ని నాకోసం తెచ్చుకున్యాననుకుంటాండావా?"

"మల్ల? నాకోసమా?"

"ఊ. నన్ను చూసుకుంటా నువ్వు కండ్లు మూయక చస్తాండావు. పిల్లను చూసేదానికి గుంతకల్లు పొమ్మంటే నన్నిడిసి పోకపోతివి. నీ బతుకు నేను తింటాండాననిపించె."

శశికి జాలి వేయలేదు, ఒళ్లు మండింది. "తినొద్దని నేనంటినా? ఎవురడిగినారు నిన్ను?"

"నువ్వు అడగవనే కదరా తెచ్చింది."

శశి చేతిలోని కొసను గట్టిగా మెలిపెట్టాడు. అన్నకు కాపలా కాయకపోతే తను ఎవరు? ఈ ప్రశ్న అన్నకు ఎప్పుడూ రాలేదు. జెండా ఎగరేసినవాళ్లకు రాదు.

"రేపు పో గుంతకల్లుకు," అన్నాడు నాగేశ్వర. "నేనూ ఇదీ ఇంట్లో ఉంటాం."

నేనూ ఇదీ. చిట్లిన పెదవి కంటే ఆ మాట ఎక్కువ మండింది. శశి తర్వాతి కొస కోసం చెయ్యి చాపాడు.

"ఇయ్యి. పొద్దు మునిగేలోగా అన్నీ అతకల్ల. పొద్దున బస్సుకు పోతా. నేనొచ్చేదాంక మగ్గం ముట్టొద్దు. ఇద్దరికీ చెప్తాండా. నా గుంతలో దాన్ని మళ్లా పండబెట్టినావో, చూడు!"