కిడ్నీలు బాగానే ఉన్నాయి

పలాసలో ఒక చీరల కొట్టులో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. మాది మందస దగ్గర, ఉద్దానం ప్రాంతంలో ఒక ఊరు. పొద్దున్నే బస్సెక్కి వచ్చి, సాయంత్రం దాకా చీరలు విప్పి చూపించడం, మళ్లీ మడతపెట్టి పేర్చడం నా పని. నలభై చీరలు విప్పించి ఒక్కటీ కొనకుండా లేచిపోయేవాళ్లుంటారు. "పర్లేదమ్మా, మళ్లీ రండి" అనడం నాకెప్పుడూ కష్టం కాలేదు.

మూడేళ్ల కిందటి వానాకాలంలో ఆ ఓపిక పోయింది. ముందు నిద్ర తగ్గింది. తర్వాత ఆకలి. కంచం ముందు కూర్చుని ఊరికే చూసేవాణ్ని. బాధయితే ఏడుపైనా రావాలి కదా, అదీ లేదు. చిరాకొక్కటే ఉండేది.

ఒకరోజు పెళ్లి చీర కోసం తల్లీ కూతుళ్లు వచ్చారు. "ఇంకో రంగు సూపించు బాబూ" అంది తల్లి. చేతిలో చీర బల్ల మీదికి విసిరేసి, "కొంటే కొనండి, లేకపోతే లేవండి" అని అరిచాను. యజమాని వచ్చి, వాళ్లకు సర్దిచెప్పి, మిగతా చీరలు తనే చూపించాడు. వాళ్లు వెళ్లాక నాతో, "కొన్నాళ్లు రాకు. ఒంట్లో ఏటయిందో సూపించుకో" అన్నాడు. కోపంగా అనలేదు. కోప్పడినా బాగుండేది.

మా వైపు నీరసం, ఆకలి లేదు అంటే అందరికీ తట్టేది ఒకటే, కిడ్నీ జబ్బు. నా భార్య జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు వొలుస్తుంది. వాళ్ల అన్న డయాలసిస్‌లో ఉన్నాడు. రక్తంలో క్రియాటినిన్ ఎంతుంటే ఏమిటో ఆమెకు కంఠతా వచ్చు. మర్నాడే పని మానేసి నన్ను రక్తపరీక్షకు తీసుకెళ్లింది. రిపోర్టు బాగుంది. అది చూసి కళ్లు తుడుచుకుంది. ఇరుగుపొరుగు వచ్చి, "గండం గడిసింది" అని సంబరపడ్డారు.

నాకు మాత్రం ఏమీ అనిపించలేదు. అంత మంచి కబురు విన్నా లోపల ఏదీ కదల్లేదు. నాకు భయం వేసింది అప్పుడే. ఆ మాటే నా భార్యతో చెప్పాను.

"అయితే ఇంకో డాక్టర్ని సూద్దాం, మావా" అంది.

టెక్కలిలో మానసిక వైద్యురాలి దగ్గరికెళ్లాం. చిన్న వయసే. నిద్ర గురించి, తిండి గురించి, కోపం గురించి అడిగింది. చచ్చిపోవాలనిపించిందా అని కూడా అడిగింది.

"లేదు గానీ, పొద్దున్న లేవకపోతే బాగుణ్ణనిపించింది" అన్నాను. పక్కన నా భార్య చేతిసంచి గట్టిగా పట్టుకుంది.

డాక్టరు తన మెడ వెనక, పైభాగాన చెయ్యి పెట్టి చూపించింది. "ఇక్కడ, మెదడు అడుగున కొన్ని కణాలుంటాయి. మెదడు మొత్తంలో చాలా కొద్ది. కానీ వాటి పోగులు మెదడంతా పాకి ఉంటాయి. సెరటోనిన్ అనే రసాయనాన్ని తయారుచేసి పంపుతాయి. మనసు, నిద్ర, ఆకలి, కోపం ఆపుకోవడం, ఓపిగ్గా కాచుకోవడం, అన్నిట్లో వాటి పాత్ర ఉంటుంది."

"అది తగ్గిపోనాదేటమ్మా? రత్తంలో ఎంతుందో సూడండి" అంది నా భార్య.

"దానికలాంటి పరీక్ష లేదమ్మా. అది తగ్గడమే జబ్బని కూడా చెప్పలేం, ఇంకా చాలా కారణాలుంటాయి. ఈ మందు వేసుకుంటే ఆ కణాలు పంపిన రసాయనం ఇంకాస్త సేపు నిలిచి పనిచేస్తుంది. మెదడు సర్దుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది."

మొదటి వారం కడుపులో తిప్పింది. మానేస్తానన్నాను.

"డాక్టరమ్మ ముందే సెప్పింది కదా. కొంచెం ఓపిక పట్టు" అంది నా భార్య.

"ఓపిక లేకే కదా ఈ మందు మింగుతున్నాను" అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు గానీ, ఆమె నవ్వు వినడం బాగుంది. రోజూ సాయంత్రం కొబ్బరితోటల మీదుగా సముద్రం ఒడ్డుదాకా నన్ను నడిపించేది. దారంతా ఫ్యాక్టరీ కబుర్లు చెప్పేది. ఎక్కువసార్లు ఊకొట్టేవాణ్నంతే.

ఐదో వారంలో మందులు కొనడానికి పలాస బయల్దేరాను. మందసలో బస్సు గంట ఆలస్యం. జనం విసుక్కుంటున్నారు. వేరుశనగలు కొనుక్కుని, ఒక్కొక్కటే వొలుచుకు తింటున్నాను. పొట్లం సగమయ్యాక తోచింది, నాకు విసుగు రాలేదని. సంతోషమేమీ లేదు. ఊరికే కూర్చోగలిగాను. ఆకలి కూడా వేసింది.

తిరిగి పనిలో చేరాక యజమాని కొన్నాళ్లు వెనక గదిలో సరుకు సర్దే పని పెట్టాడు. తర్వాత మళ్లీ బల్ల దగ్గరికి పిలిచాడు. ఏడాది పైన మందు వాడాను. డాక్టరే మెల్లమెల్లగా తగ్గించి ఆపింది. నిద్ర మళ్లీ చెడితే ఆలస్యం చెయ్యకుండా రమ్మంది. అప్పట్నుంచి ఒక్కసారి వెళ్లాను.

ఈ సంగతి బయట చెప్పొద్దని బంధువులు కొందరన్నారు. అడిగినవాళ్లకు చెబుతూనే ఉన్నాను. పోయిన నెల మా కొట్టులో నా తోటి పనివాడు, భోజనాల దగ్గర, "బావా, ఆ టెక్కలి డాక్టరు ఏ రోజుల్లో ఉంటాది?" అన్నాడు. ఎవరికోసమని నేను అడగలేదు. రోజులు చెప్పి, ఆసుపత్రికి దారి ఒక కాయితం మీద గీసిచ్చాను.